ఉసిళ్లు లేచిన సాయంత్రం

కాకికి గాల్లో ఎగిరే పురుగును పట్టడం చేతకాదు. అయినా మానదు. తొలకరి వాన వెలిసిన సాయంత్రం తార్నాకలోనో, నల్లకుంటలోనో, ఇంకే పాత పేటలోనో మేడెక్కి చూడండి. ఇంకా ఎవరూ ఇల్లు కట్టని ఒక ప్లాటులోంచి ఉసిళ్లు ధారకట్టి లేస్తుంటాయి. కాకి రెక్కలు టపటపలాడించుకుంటూ వాటిలోకి దూసుకొస్తుంది. మెడ సాచి, ముక్కు తెరిచి మూసేసరికి పురుగు పక్కకు తేలిపోతుంది. రెండోసారీ అంతే. మూడోసారి ఒకటి దొరికితే గోడ మీద వాలి, ఎవరైనా చూశారా అన్నట్టు అటూ ఇటూ చూస్తుంది. దాని తలకు నాలుగు బారల ఎత్తున గద్ద తీరికగా తిరుగుతూ కాలు ముందుకు చాచి ఒక్కొక్క పురుగునూ గోళ్లతో అందుకుంటుంది. ఆ కాలిని అలాగే ముక్కు దగ్గరకు తెచ్చుకుని, ఎగురుతూనే తింటుంది. అంత పెద్ద పక్షి అంత చిన్న తిండిని అంత మర్యాదగా తినడం ఏడాదిలో ఈ కొద్ది సాయంత్రాల్లోనే కనిపిస్తుంది.

ఇది చూడటానికి దుర్భిణీ అక్కర్లేదు, అడవికి పోనక్కర్లేదు. కరెంటు పోయి ఉంటే ఇంకా మంచిది. ఇంట్లో చేసే పనేమీ ఉండదు కాబట్టి అందరూ మేడ మీదికే వస్తారు.

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో ప్రవేశిస్తుంది. హైదరాబాద్‌లో ఆ పూట నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం ఉబ్బసం రోగులు బారులు తీరుతారు. మిగిలిన ఊరు చేపల మార్కెట్లకు పోతుంది. కార్తె నాడు నాలుగు ముక్కలు నోట్లో పడితే ఒంటికి మంచిదని నమ్మకం. పిట్టలకు కార్తెల లెక్క తెలియదు కానీ వాటి విందూ ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది. ఎండాకాలమంతా గట్టిపడిపోయిన నేల తడిసి మెత్తబడాలి, గాలిలో తేమ నిండాలి, ఈదురుగాలి ఆగాలి. అప్పుడు పుట్టలోని కూలి చెదలు లోపలి నుంచి కన్నాలు తెరుస్తాయి. సైనిక చెదలు ఆ కన్నాల చుట్టూ కాపలా నిలుస్తాయి. ఆ తర్వాతే రెక్కల రాజులూ రాణులూ, అంటే ఉసిళ్లు, బయటికొస్తాయి. అవి లోపల చాలాకాలంగా సిద్ధంగానే ఉంటాయి. వాన కోసమే ఆగుతాయి.

ఒక పుట్టలోవి లేచినప్పుడే చుట్టుపక్కల పుట్టల్లోవీ లేస్తాయి. వేరువేరు పుట్టల ఆడామగా కలుసుకోవాలంటే అలా లేవక తప్పదు. రెండో కారణం మనకు కళ్లెదుటే కనిపిస్తుంది. ఊళ్లో ఉన్న పిట్టలన్నీ కడుపు పగిలేలా తిన్నా ఇంకా మిగిలేటన్ని ఒకేసారి బయటికి రావాలి. రోజుకు పదో పరకో వస్తే ఒక్క జత కూడా మిగలదు. వేలకు వేలు ఒక్క గంటలో వస్తే కాకి కడుపు నిండుతుంది, గోరువంక కడుపు నిండుతుంది, కప్ప, బల్లి, చీమ అన్నింటి కడుపులూ నిండుతాయి. ఆ తర్వాత కూడా ఎక్కడో ఒక జత తడి మట్టిలోకి దూరుతుంది. దిగగానే అవి తమ రెక్కలను తామే విదిలించుకుంటాయి. రెక్క మొదట్లో విరగడానికి వీలుగా ఒక గీత ముందే ఉంటుంది. ఆడది ముందు, మగది దాని తోక పట్టినంత దగ్గరగా వెనక, రెండూ నేల మీద పరుగెత్తి చోటు వెతుక్కుంటాయి. అది కుదిరితే పుట్ట మొదలవుతుంది. ఆ రాణి పెద్దదయ్యాక రోజుకు వేల గుడ్లు పెడుతుంది. వాటి జీవితంలో ఎగరడమన్నది ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే. అందుకే కాబోలు అంత బాగా రాదు.

ఆ రాకపోవడమే విందుకు కారణం. కొవ్వు పట్టిన ఒళ్లు, నాలుగు పెద్ద పల్చటి రెక్కలు, మలుపు తిప్పే నేర్పు లేని నడక. తూనీగను పట్టలేని గోరువంక కూడా ఉసిళ్లను పట్టగలదు. ఏడాదంతా గింజలు ఏరుకునే పిచ్చుక కూడా నిట్టనిలువుగా పైకెగిరి ఒకదాన్ని అందుకుని కిందికి జారుతుంది. పిగిలిపిట్టలు కొమ్మ చివర నుంచి ఉరికి మళ్లీ కొమ్మకే వస్తాయి. చేతగాని వాళ్ల విన్యాసాలు చూడటంలో ఒక సరదా ఉంది. అసలు పనివాళ్లను చూడాలంటే మాత్రం కరెంటు తీగ వైపు తిరగాలి.

తీగ మీద నల్లగా నిగనిగలాడుతూ, తోక రెండుగా చీలి కూర్చునేది ఏట్రింత. పల్లెల్లో పసుల పోలిగాడంటారు. మేసే పశువు వీపెక్కి, దాని గిట్టల అదురుకు లేచే పురుగులను పట్టడం అక్కడ దాని పని. నగరంలో పశువుల్లేవు కాబట్టి తీగే పశువు వీపు. అది తొందరపడదు. ఒక పురుగును ఎంచుకుంటుంది, దిగుతుంది, పట్టిన చోటే గాల్లో ఒక మెలిక తిరుగుతుంది, వచ్చి మళ్లీ అదే చోట కూర్చుంటుంది. ఆ చోటు దాని సొంతం. అక్కడ ఇంకో పిట్ట వాలితే ఊరుకోదు. గద్దనైనా తరిమే ధైర్యం దానికి ఉంది. ఉసిళ్లు లేచిన రోజు మాత్రం ఈ సరిహద్దు గొడవలు కాసేపు సద్దుమణుగుతాయి. ఒకే తీగ మీద మూడు నాలుగు ఏట్రింతలు బారెడు దూరంలో కూర్చోవడం అప్పుడే చూస్తాం. అంత తిండి ఉన్నప్పుడు తగువులాడుకుంటూ కూర్చుంటే నష్టం కదా.

చిన్న పసిరిక ఆకుపచ్చగా, గొంతు కింద నల్ల గీతతో, తోక మధ్య రెండు సన్నటి ఈకలతో ఉంటుంది. తేనెటీగలు దాని అసలు తిండి. పట్టిన ఈగను కొమ్మకేసి కొట్టి, పొట్ట చివర రుద్ది, ముల్లు ఊడదీశాకే మింగుతుంది. ఉసిళ్లలో ముల్లు తీసే పని లేదు. కాబట్టి దాని వేగం చూడాలి. ముక్కు మూసుకున్నప్పుడు చప్పుడు కూడా వినిపిస్తుంది, వీధి అంత నిశ్శబ్దంగా ఉంటే. ఇంకో మాట. మనం ఈ పిట్టను చూస్తున్నామనుకుంటాం, కానీ అది మనల్ని అంతకన్నా జాగ్రత్తగా చూస్తుంది. పుణెకు చెందిన మిలింద్ వాట్వే బృందం 2002లో ప్రచురించిన పరిశీలనలో ఒక విచిత్రం ఉంది. మట్టిగట్టులో ఉన్న గూటి కన్నం మనకు కనిపించే చోట నిలబడితే పసిరిక గూట్లోకి వెళ్లడానికి తటపటాయిస్తుంది. అంతే దూరంలో, కానీ గూడు కనిపించని చోట నిలబడితే అంతగా పట్టించుకోదు. మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నదే కాదు, వాడికి ఏం కనిపిస్తోందన్నది కూడా అది లెక్క వేసుకుంటుందన్నమాట. తులం బరువైనా ఉండని తల అది!

వీటన్నిటికీ పైన స్విఫ్టులు. మెలితిప్పిన కొడవళ్లలాంటి రెక్కలు, తెల్లటి నడుము, గుంపుగా కీచుమంటూ తిరుగుతాయి. ఇవి తీగ మీద కూర్చోలేవు. కాళ్లు అంత పొట్టివి. నిలువు గోడకు గోళ్లు గుచ్చి వేలాడగలవు, అంతే. గాల్లో తేలే ఈకలనూ గడ్డిపోచలనూ ఎగురుతూనే ఏరుకుని, ఉమ్మితో అతికించి వంతెనల కిందా పాత భవనాల కప్పుల కిందా గూళ్లు కడతాయి. ఐరోపాలో కనిపించే వీటి దాయాది ఒకటి ఏడాదిలో 10 నెలలపాటు నేల మీద వాలకుండా గడపగలదని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2016లో తేల్చారు. మన స్విఫ్టులు అంత విరాగులు కావు, పొద్దుగూకితే గూటికి చేరతాయి. పిల్లలుంటే వందల పురుగులను గొంతులో ఉండగా చుట్టి మోసుకెళతాయి. వీటిలోనే ఇంకో రకం తాటాకు అడుగున గూడు అతికిస్తుంది. తాటిచెట్టు ఉంటేనే ఆ పిట్ట. నగరం శివార్లలో తాళ్లు కూలినప్పుడు కల్లు గురించి బాధపడినవాళ్లున్నారు, ఈ పిట్ట సంగతి ఎత్తినవాళ్లు తక్కువ.

చీకటి పడ్డాక వేదిక వీధిదీపం కిందికి మారుతుంది. ఏట్రింత అక్కడా వదలదు. దీపం వెలుతురులో రాత్రి పొద్దుపోయేదాకా వేటాడుతుంది. మిగిలిన గాలి గబ్బిలాలది. ఈ పురుగులు దీపం చుట్టూ ఎందుకు తిరుగుతాయన్నదానికి 2024లో ఒక కొత్త సమాధానం వచ్చింది. లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్తలతో కూడిన బృందం వేగంగా చిత్రించే కెమెరాలు పెట్టి చూసింది. పురుగు దీపం వైపు పోవడం లేదు, దీపం వైపు వీపు తిప్పుతోంది. లక్షల ఏళ్లుగా రాత్రిపూట వెలుతురున్న వైపే ఆకాశం, కాబట్టి వెలుతురును వీపు మీద ఉంచుకుంటే సరిగ్గా ఎగురుతున్నట్టు లెక్క. స్తంభం మీద బల్బు పెట్టాక ఆ లెక్క తప్పింది. వీపు తిప్పిన ప్రతిసారీ దారి వంకర పోయి అది గుండ్రంగా తిరుగుతూ చిక్కుకుపోతోంది. శలభానికి దీపం మీద వలపని తరతరాలుగా రాసుకున్న కవులకు ఇది కొంచెం నిరాశే.

ఇళ్లల్లో ఆ రాత్రి సంగతి అందరికీ తెలిసిందే. “లైట్లు ఆపండర్రా, ఉసిళ్లొస్తున్నాయి” అని ఒక కేక. వరండాలో ఒక్క బల్బు ఉంచి, దాని కింద వెడల్పాటి బేసిన్లో నీళ్లు. అన్నం కంచాల మీద మూతలు. పొద్దున్నే గుమ్మం ముందు చీపురుకు అందకుండా లేచిపోయే రెక్కల కుప్ప. పల్లెల్లో అయితే ఇది మరోలా ఉండేది. పుట్ట దగ్గర దీపం పెట్టి, పట్టి, వేయించి, చెరిగి రెక్కలు పోగొట్టి, బొరుగుల్లో కలుపుకుని తిన్న తరం ఇంకా మన మధ్యే ఉంది. వాళ్లను అడిగితే రుచి గురించి మొహమాటంగానే అయినా చెబుతారు. అంటే ఏట్రింతకూ మనకూ ఈ విందులో వాటా ఉండేది. మనం మానేశాం, అది మానలేదు.

అసలు విషయం ఇక్కడే ఉంది. పిట్టల మీద ప్రేమ మన నగరాల్లో తక్కువేమీ కాదు. ఎండాకాలం మేడ మీద మట్టి మూకుడులో నీళ్లు పెడతారు. బాల్కనీలో వరికంకుల కుచ్చు వేలాడదీస్తారు. కూడళ్లలో బస్తాలకొద్దీ జొన్నలు చల్లుతారు. ఈ జొన్నల వల్ల బాగుపడింది ఎక్కువగా పావురాలు. ఏట్రింతకూ పసిరికకూ స్విఫ్టుకూ మనం చేత్తో తిండి పెట్టలేం. గింజల పిట్ట అనుకునే పిచ్చుక కూడా కళ్లు తెరవని పిల్లల నోట్లో పురుగులే పెడుతుంది. గూటి పెట్టె కొని గోడకు కొట్టాక అందులో పిల్లలు బతకాలంటే ఆ వీధిలో మెత్తటి పురుగులుండాలి. గూటి పెట్టె అమ్మే చోట పురుగులు అమ్మరు.

1931లో సలీం అలీ నిజాం రాజ్యంలోని పక్షులను సర్వే చేసినప్పుడు ఆ పని కొద్దిమంది మనుషులతో, తుపాకీతో, ఎడ్లబండి దారుల్లో సాగింది. ఇప్పుడు దేశంలో 30,000 మందికి పైగా పక్షి పరిశీలకులు పంపిన సుమారు 3 కోట్ల నమోదులతో ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 2023లో వచ్చింది. 942 జాతుల బాగోగులు చూసిన ఆ నివేదిక చెప్పిన వాటిలో మన మేడకు సంబంధించింది ఒకటుంది. పళ్లూ తేనే తినే పక్షులు మొత్తం మీద నిలదొక్కుకుంటున్నాయి, పురుగులు తినేవి తగ్గుతున్నాయి. దసరా నాడు చూస్తే శుభమని మనం వెతికే పాలపిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి, పురుగుల మీద బతికేదే. దాని పరిస్థితిని ప్రపంచ స్థాయిలో మళ్లీ మదింపు చేయాలని ఆ నివేదిక సూచించింది. పండగనాడు దాన్ని పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి చూపించేవాళ్లుండగా శుభం ఎవరికన్నది వేరే ప్రశ్న.

పురుగులే తగ్గుతున్నాయా? జర్మనీలోని రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్లపాటు వలలు పెట్టి తూచిన లెక్క 2017లో వచ్చింది. ఎగిరే పురుగుల మొత్తం బరువు 75 శాతానికి పైగా పడిపోయింది. అక్కడి పొలాలు వేరు, చలి వేరు, దాన్ని తెచ్చి తార్నాక మీద అతికించడం న్యాయం కాదు. కానీ పాతికేళ్ల కిందట రాత్రంతా కారులో ఊరికి పోయినవాళ్లు పొద్దున అద్దం మీద ఏం కడిగేవారో గుర్తు తెచ్చుకోవచ్చు. ఇక ప్రపంచంలోని పక్షులన్నీ కలిసి ఏడాదికి 40 నుంచి 50 కోట్ల టన్నుల పురుగులూ సాలీళ్లూ తింటాయని 2018లో ఒక అంచనా వచ్చింది. అందులో 70 శాతానికి పైగా అడవి పక్షులదే. నగరం పిట్టల వాటా చిన్నది. దోమలను ఇవే తినేస్తాయి, మనకు మందులక్కర్లేదు అని చెప్పుకోవడానికి ఆ లెక్క పనికిరాదు. లాభం చూపిస్తేనే పిట్టకు చోటివ్వాలన్న వాదన మొదటి నుంచీ కొంచెం చిన్నబుచ్చేదే.

ఉసిళ్లు ఎక్కడి నుంచి లేస్తున్నాయో ఈసారి గమనించండి. కొత్తగా కట్టిన అయిదంతస్తుల వరుస ముందు నుంచి కాదు. వాటి పునాదుల్లో చెదల మందు పోశారు, చుట్టూ పేవర్ టైల్స్ పరిచారు. గుమ్మానికి చెద పట్టి ద్వారబంధం మార్పించుకున్న ఇంటివాళ్లకు అది తప్పని చెప్పలేం. లేచేది కోర్టు వ్యాజ్యంలో పడి ఉన్న ఖాళీ స్థలంలోంచి. శ్మశానంలోంచి, రైలుకట్ట పక్క నుంచి, పాత వేపచెట్టు మొదట్లోంచి, ఉస్మానియా క్యాంపస్ వైపు నుంచి. ఎక్కడ రాలిన ఆకు రాలిన చోటే ఉంటుందో అక్కడి నుంచి. మన నేలల్లో పుట్టలు పెట్టే చెదలు ఆ ఎండుటాకునూ పుల్లనూ లోపలికి మోసి, వాటి మీద బూజు పండించి తింటాయి. వానల్లో పుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు ఆ సేద్యానివే. అవి తవ్విన సన్నటి సొరంగాల గుండా వాననీరు లోపలికి ఇంకుతుంది. వీధి నీళ్లన్నీ డ్రైనేజీలోకే పోతున్నాయని ఏటా జూలైలో మొత్తుకునే పేటలో ఉచితంగా ఇంకుడు పని చేసేది ఈ చెదలే.

పార్కుల సంగతి చెబితే ఇబ్బంది. నడక దారికి టైల్స్, దాని పక్కన సిమెంటు గట్టు, గట్టు లోపల బయటి నుంచి తెచ్చిన పచ్చిక చాపలు. ఆకులు రాలితే ఊడ్చి సంచుల్లో కట్టి పంపించేస్తారు, కొన్నిచోట్ల మూలకు నెట్టి తగలబెడతారు. అంత శుభ్రంగా ఉన్న పార్కులో వాన వెలిసిన సాయంత్రం తీగ మీద ఏట్రింత ఉండదు. ఉన్నా పక్క ప్లాటు వైపు తిరిగి కూర్చుంటుంది.

2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఆదేశించింది. వేర్లకు గాలీ నీరూ అందాలని, అంటే చెట్టు కోసం. చెదలూ చీమలూ ఆ కేసులో వాదులు కావు. కానీ ఒక వీధిలో పాతిక చెట్లుంటే, ప్రతి దాని మొదట్లో మీటరు మట్టి వదిలితే, కొంత ఆకు అక్కడే కుళ్లనిస్తే ఆ వీధికి తనదైన పురుగుల సంత ఒకటి ఏర్పడుతుంది. ఖర్చు లేదు. ఆకు ఊడ్చే కూలి కొంత మిగులుతుంది కూడా. పార్కులో ఒక మూల, ఆ వెనక ప్రహరీ పక్కన, ఎవరూ నడవని చోట, టైల్స్ వేయకుండా వదిలితే ఫిర్యాదు చేసేవాళ్లు ఉండకపోవచ్చు.

ఏ మూల వదలాలన్నది తేల్చడం కూడా పెద్ద పని కాదు. ప్రతి వీధిలో ఒక వాచ్‌మన్ ఉంటాడు. పాలమూరు వైపు నుంచో శ్రీకాకుళం వైపు నుంచో వచ్చినవాడు. ఉసిళ్లు ఏ గోడ కింద నుంచి లేస్తాయో, ఏ ఏడాది లేవలేదో అతనికి తెలుసు. వీలైతే రెండు గుప్పెళ్లు పట్టుకుని వేయించుకునీ ఉంటాడు. అసోసియేషన్ కార్యదర్శికి ఇవేవీ తెలియకపోవచ్చు. పేవర్ టైల్స్ కాంట్రాక్టరు కొలతలు తీసుకోవడానికి వచ్చిన రోజున కార్యదర్శి తనతోపాటు ఆ వాచ్‌మన్‌ను కూడా ఒక పావుగంట తిప్పితే చాలు.